‘అమ్మా, కూడాలా? తీసెయ్యాలా?’

ప్రశ్న: మా బాబుకి ఎనిమిదేళ్లు, మూడో తరగతి. పాపకి అయిదు నిండాయి. మేమిద్దరం ఉద్యోగాలకు వెళ్తాం. సాయంత్రం ఇంటికొచ్చాక రోజూ గంటసేపు పిల్లల్ని కూర్చోబెట్టి చదివించాలని నియమం పెట్టుకున్నాను. ఆ గంట అయ్యేసరికి ఎవరో ఒకరు ఏడుస్తూ ఉంటారు. చాలాసార్లు అది నేనే. బాబు పన్నెండో ఎక్కం దాకా గుక్క తిప్పుకోకుండా అప్పజెప్తాడు. అదే లెక్కను మాటల్లో ఇస్తే మాత్రం, పూర్తిగా చదవకుండానే నా మొహంలోకి చూసి ‘అమ్మా, కూడాలా? తీసెయ్యాలా?’ అంటాడు. పాప వ, మ, య కలిపేస్తుంది. దిద్దమంటే పలక దాచేస్తుంది. ఆటల్లా చెప్తే వస్తుందంటారు కదా అని ఫ్లాష్ కార్డులు కొన్నాను, గోడ నిండా చార్టులు అతికించాను, ఫోన్‌లో యాప్ పెట్టాను, బాగా చేస్తే స్టిక్కర్లు ఇస్తున్నాను. మొన్న ఆదివారం పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా కూర్చుని అట్టముక్కలతో సౌరకుటుంబం చేశాను. పది నిమిషాలు చూసి ఆడుకోడానికి వెళ్లిపోయారు. ‘నీకెందుకీ అవస్థ, ట్యూషన్‌లో వేసేద్దాం’ అంటున్నారు మావారు. నాలో ఆ సృజన లేదేమో అనిపిస్తోంది. ఇంట్లో పిల్లలకు హాయిగా చదువు చెప్పే మార్గం ఏదైనా ఉందా?

— ఒక తల్లి

సమాధానం: అమ్మా, మీ ఉత్తరంలో నన్ను పట్టి ఆపింది మీ బాబు ప్రశ్న. ఇరవై ఎనిమిదేళ్లు చిన్న తరగతులకు పాఠాలు చెప్పాను. ఆ ప్రశ్న వినని ఏడాది లేదు. వాడికి లెక్కలు రావని దాని అర్థం కాదు. లెక్కంటే ఏదో జరిగిన సంగతి అన్నది వాడి మనసులోంచి జారిపోయింది, అంతే. రెండు అంకెలు కనిపిస్తే వాటితో ఏదో ఒకటి చెయ్యాలి, ఏం చెయ్యాలో పెద్దవాళ్లకు తెలుసు, వాళ్లను అడిగితే సరిపోతుంది. వాడికి అర్థమైన లెక్క ఇది.

ఇది మీ ఒక్క ఇంట్లో సంగతి కూడా కాదు. 1979-80 ప్రాంతంలో ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్‌లో చిన్న తరగతుల పిల్లలకు ఒక లెక్క ఇచ్చారు: ‘ఓడలో 26 గొర్రెలు, 10 మేకలు ఉన్నాయి. ఓడ కెప్టెన్ వయసెంత?’ 97 మంది పిల్లల్లో 76 మంది ఆ అంకెలతో ఏదో ఒకటి చేసి జవాబు రాసేశారు. గొర్రెలకూ కెప్టెన్ వయసుకూ సంబంధమేమిటని వాళ్లు ఆగలేదు. బడిలో ఎవరూ అర్థంలేని ప్రశ్న అడగరని పిల్లల నమ్మకం. ఆ నమ్మకంలో తప్పేమీ లేదు, కానీ ఆ నమ్మకం వల్లే వాళ్లు ఆలోచించడం మానేశారు.

అందుకని మీవాడితో కొన్నాళ్లు అంకెలు లేని లెక్కలు చెయ్యండి. నోటితోనే, దారిలో నడుస్తూనో, బట్టలు మడతపెడుతూనో. ‘బస్సులో కొంతమంది ఉన్నారు. ఒక స్టాపులో కొందరు దిగారు, దిగినవాళ్లకంటే ఎక్కువమంది ఎక్కారు. బస్సు ఇప్పుడు ముందుకంటే నిండుగా ఉందా, ఖాళీగా ఉందా?’ ఇక్కడ కూడ్డానికీ తీసెయ్యడానికీ అంకె లేదు కాబట్టి వాడు బస్సును చూడక తప్పదు. కళ్లు పైకెత్తి, గుమ్మం దగ్గర జనాన్ని ఊహించుకుని, అప్పుడు చెప్తాడు. ఆ కళ్లు పైకెత్తడం కోసమే మనం ఈ తంటా అంతా పడేది. వారం పోయాక అంకెలు ఇచ్చి ప్రశ్న దాచెయ్యండి: ‘మూడు పెట్టెలు, ఒక్కోదాంట్లో ఎనిమిది పెన్సిళ్లు. దీని మీద ఏమేం అడగొచ్చు?’ ఒకటి అడిగాక ఇంకోటి అడగమనండి. అప్పుడప్పుడు మధ్యలో ఓ కెప్టెన్ లెక్క కూడా వదలండి. ‘ఈ లెక్కే తప్పు’ అని వాడు మొదటిసారి మీమీదకు లేచిన రోజు చూడండి, వాడి మొహం ఎలా వెలిగిపోతుందో!

ఆ తర్వాత లెక్కలు తయారుచేసే పని వాడికే అప్పగించండి. వాడు ఇస్తాడు, మీరు చేస్తారు. దీని గురించి నాకు ఒక జ్ఞాపకం ఉంది. నా మూడో తరగతిలో ఒక పాప ఉండేది, తరగతిలో నోరు విప్పేది కాదు. ఒకరోజు అందరినీ తలో లెక్కా తయారుచేసి తెమ్మన్నాను. మిగతావాళ్లు పుస్తకంలో లెక్కలకే పేర్లు మార్చి తెచ్చారు. ఈ పిల్ల తెచ్చిన లెక్క ఇది: ‘మా ఇంట్లో ఆరుగురం. నాలుగు దుప్పట్లు ఉన్నాయి. ఎవరెవరు ఎలా పడుకోవాలి?’ ఆ రోజు ఇక పాఠం సాగలేదు. తరగతి మొత్తం దుప్పట్లు పంచడంలో పడింది. ఒకడు ‘ఇద్దరిద్దరికీ ఒకటి, ఒకటి మిగుల్తుంది’ అన్నాడు. ఇంకొకడు ‘చిన్నవాళ్లు ముగ్గురూ ఒకదాంట్లో పడతారు’ అన్నాడు. ఆ పిల్ల అన్నీ విని తల అడ్డంగా ఊపింది. ‘నాన్న ఉక్క పోస్తుందని కప్పుకోడు. తమ్ముడు తంతాడు, వాడికి వేరేది ఇవ్వాలి’ అంది. అయిదుగురికి నాలుగు, అందులో ఒకటి ఒక్కడికే! మిగిలిన నలుగురికి మూడు ఎలా అన్నదాని మీద గంట కొట్టేదాకా వాదించుకున్నారు. భాగహారం మీద నేను అంతకుముందు నెలరోజులు చెప్పింది ఆ ఒక్క గంటలో వాళ్లకు పట్టుబడింది.

ఇప్పుడు మీ అట్టముక్కల ఆదివారం సంగతికి వస్తాను. మీకు సృజన లేదన్న మాట నేను ఒప్పుకోను. ఆదివారం పూట సగం రోజు నేలమీద కూర్చుని గ్రహాలు కత్తిరించిన తల్లికి లోటేముంది? కానీ ఒక్కసారి ఆలోచించండి. ఆ రోజు ఏ గ్రహం ఎంత ఉండాలని లెక్క వేసిందెవరు? ఎక్కడ అతికించాలని తంటాలు పడిందెవరు? అది మీరు, నేర్చుకున్నదీ మీరే. పిల్లలకు తయారైన వస్తువు చూసే పని మాత్రమే మిగిలింది. దానికి పది నిమిషాలు ఎక్కువే. మీ సృజన అంతా వస్తువులో పెట్టకండి. పిల్లలకు ఏం వదిలిపెట్టాలన్న దాంట్లో పెట్టండి.

అదే సౌరకుటుంబాన్ని ఇలా చేసి చూడండి. ఫుట్‌బాల్ ఒకటి మధ్యలో పెట్టి ‘ఇదే సూర్యుడు. మరి భూమి ఎంత ఉంటుంది, ఎంత దూరంలో ఉంటుంది?’ అని అడిగి ఊరుకోండి. ఒకరు బంతి తెస్తారు, ఒకరు గోళీ తెస్తారు. వాళ్లు తెచ్చింది అక్కడ పెట్టనివ్వండి. అప్పుడు చెప్పండి: సూర్యుడి అడ్డుకొలత భూమికి సుమారు 109 రెట్లు. సూర్యుడు ఫుట్‌బాల్ అంత, అంటే 22 సెంటీమీటర్లు ఉంటే, భూమి 2 మిల్లీమీటర్లు. ఆవగింజంత. అది ఉండే దూరం దాదాపు 24 మీటర్లు. ఇంట్లో అంత చోటు ఎక్కడుంది? టేపు పట్టుకుని బయటికి వెళ్లాలి, కొలవాలి, టేపు పొట్టిదైతే ఎన్నిసార్లు వెయ్యాలో లెక్క చూసుకోవాలి. పాప ఆవగింజంత భూమిని వేలికొసన పెట్టుకుని ఆ చివర నిలబడుతుంది, బాబు ఈ చివర ఫుట్‌బాల్ పట్టుకుంటాడు. చంద్రుణ్ని పాప వేలి పక్కనే 6 సెంటీమీటర్ల దూరంలో పెట్టాలి, సూదిమొన అంత చుక్క. నెప్ట్యూన్ ఎక్కడ అని అడుగుతారు. అది 700 మీటర్లు దాటి ఉంటుంది. నడిచి రావాలంటే వెళ్లిరండి ముగ్గురూ. మీరు కత్తిరించాల్సింది ఏమీ లేదు, అంతరిక్షం ఎంత ఖాళీగా ఉంటుందో మాత్రం వాళ్ల కాళ్లకు తెలుస్తుంది. అట్టమీద గ్రహాలన్నీ పక్కపక్కనే అతికిస్తే పిల్లలకు పోయేది సరిగ్గా ఆ సంగతే.

ఇక పాప. అయిదేళ్ల పిల్ల వ, మ, య కలపడం తప్పే కాదు. ఆ మూడింటికీ ఒంటి తీరు ఒకటే, కొమ్ము దగ్గరే తేడా. పాప కళ్లు ఇంకా ఆ తేడాను వెతుక్కుంటున్నాయి. పలక దాచేస్తోందంటే, ఆ పలక దగ్గర తను ఓడిపోతున్నానని దానికి అర్థమైపోయిందన్నమాట. నేనైతే ఒక నెల పలకను దాచిన చోటే ఉండనిస్తాను.

చేతికి తెలిసింది కంటికి తొందరగా తెలుస్తుంది. మరియా మాంటిస్సోరి 1907లో రోమ్ నగరంలో మొదటి బాలల ఇల్లు తెరిచింది. అక్కడి పిల్లలకు గరుకు కాగితంతో కత్తిరించిన అక్షరాలు ఇచ్చి, శబ్దం పలుకుతూ వేలితో తడమమనేది. మీరు గరుకు కాగితం కోసం వెతకక్కర్లేదు. పాపను వెనక్కి తిప్పి కూర్చోబెట్టుకుని వీపు మీద వేలితో నెమ్మదిగా ‘వ’ రాయండి. ఏమిటో చెప్పాలి. తర్వాత మీ వీపు మీద అది రాస్తుంది, మీరు చెప్పాలి. ‘మ’ రాసిందో ‘వ’ రాసిందో మీకు తెలియకపోతే ‘తెలియలేదు, ఇంకోసారి’ అనండి. దానికి విసుగు రాదు. అమ్మకు తెలియలేదు కాబట్టి ఇంకా జాగ్రత్తగా, కొమ్ము ఒత్తి మరీ రాస్తుంది. పలక మీద వందసార్లు దిద్దించినా రాని శ్రద్ధ అది. తడి వేలితో నేలమీద రాసి, ఆరిపోయేలోగా చదవడం కూడా పిల్లలకు భలే ఇష్టం.

ఇంకో మాట. అచ్చులన్నీ అయ్యాక హల్లులు, హల్లులన్నీ అయ్యాక గుణింతాలు, అవీ అయ్యాక మాటలు అనుకుంటే, చదవడం ఎందుకో తెలియకుండానే పాపకు ఏడాది గడిచిపోతుంది. ఆరక్షరాలు చాలు మొదలుపెట్టడానికి. ల, క, ప, డ, వ, త. ఈ ఆరింటితో ఎన్ని మాటలున్నాయో చూడండి: తల, వల, కల, లత, పలక, పడవ, పడక, కడవ, తడక, కవల. తలకట్టు తప్ప వేరే గుర్తు లేదు, ఒత్తు లేదు. అక్షరాలను విడివిడి చీటీల మీద రాసి పాప ముందు పోసి, ఏవో మూడు తీసి వరసగా పెట్టమనండి. ‘డలప’ వస్తే మీరు గట్టిగా అదే చదవండి. నవ్వుతుంది. నవ్వుతూనే మార్చి ‘పడక’ పెడుతుంది ఒకరోజు. ఆ రోజు తనంతట తానే చదివినట్టు.

అన్నిటికంటే నేను నమ్మేది మరొకటుంది. పాప ఏదో కథ చెప్తుంది కదా, పిల్లలందరూ చెప్తారు. అది చెప్తుంటే మీరు కాగితం మీద రాసుకోండి. ఏమీ దిద్దకండి. ‘కుక్క వచ్చిందంట, అప్పుడేమో నేను పారిపోయానంట, కుక్క కూడా పారిపోయిందంట’ అని చెప్తే అచ్చం అలాగే, ఆ ‘అంట’లతో సహా రాయండి. రాసింది వేలు పెట్టి చదివి వినిపించండి. రేపు మళ్లీ ఆ కాగితం తీస్తే పాపే వేలు పెట్టి ‘చదువుతుంది’. మొదట్లో అది జ్ఞాపకం నుంచి చెప్పడమే, చదవడం కాదు. అయినా కుక్క అన్నచోట వేలు కుక్క మీదే ఆగాలని నాలుగు రోజుల్లో తెలుసుకుంటుంది. తన నోటి మాట కాగితం మీద పడుకుని, మళ్లీ పిలిస్తే లేస్తుందని తెలిసిన పిల్లను ఇక చదవమని బతిమాలక్కర్లేదు. అన్నయ్య తన గదిలోకి రాకూడదని తలుపుకు చీటీ అంటించాలంటే ఎలా రాయాలో అదే వచ్చి అడుగుతుంది. తప్పులతో రాస్తే తప్పులతోనే అంటించనివ్వండి.

పాప వయసు పిల్లలతో ఒక జాగ్రత్త ఉంది. ఒకే కొలత గ్లాసులు రెండు తీసుకుని సమంగా నీళ్లు పొయ్యండి. సమానమే అంటుంది. దాని కళ్లముందే ఒక గ్లాసులో నీళ్లు సన్నటి పొడవాటి సీసాలోకి వంచండి. ఎందులో ఎక్కువున్నాయంటే సీసాలో అంటుంది, గట్టిగా అంటుంది. స్విట్జర్లాండ్‌కు చెందిన జాన్ పియాజే (1896–1980) పిల్లల ఆలోచన మీద చేసిన పనిలో ఎక్కువగా చెప్పుకునేది ఇదే. సాధారణంగా ఏడేళ్లు వచ్చేదాకా చాలామంది పిల్లలు ఇలాగే అంటారు. మీరు ‘నేనేమైనా కొత్తగా పోశానా? ఆలోచించు!’ అని గదమాయిస్తే ‘సమానం’ అని మీకోసం అనేస్తుంది. అలా నేర్పకండి. నీళ్లూ, చెంబులూ, సీసాలూ ఇచ్చి తడవనివ్వండి, వంచనివ్వండి, తిరిగి పొయ్యనివ్వండి. ఇక్కడ మీ పని తర్వాత నేల తుడవడం ఒక్కటే. అది అయినా దానిచేతే తుడిపించండి.

అంకెల దగ్గర మాత్రం పాపకు ఒక ఆట బాగా పనిచేస్తుంది. కాగితం మీద ఎడమ నుంచి కుడికి పది గళ్లు గీసి 1 నుంచి 10 దాకా రాయండి. రెండు గుండీలు మీ ఇద్దరి పావులు. చీటీ తీస్తే ఒకటో రెండో వస్తుంది, అంత జరగాలి. దీన్ని అమెరికాలో సీగ్లర్, రమణి అనే ఇద్దరు పరిశోధకులు ఇంకా బడి వయసు రాని చిన్నపిల్లలతో ఆడించి 2008లో ప్రచురించారు. రెండు వారాల్లో నాలుగుసార్లు, ఒక్కోసారి పావుగంట, ఇరవై నిమిషాలు. ఏ అంకె ఎంత పెద్దదో ఆ పిల్లలకు బాగా తెలిసొచ్చింది. అంకెల బదులు రంగుల గళ్ల మీద ఆడిన పిల్లలకు ఆ లాభం రాలేదు. ఇందులో ఒక కిటుకుంది, అది తప్పితే ఆట వృథా. పావు 5 మీద ఉండి రెండు పడితే ‘ఒకటి, రెండు’ అని జరపకూడదు. ‘ఆరు, ఏడు’ అని గడిలో ఉన్న అంకె పలుకుతూ జరపాలి. ఇంకా పెద్ద పటం మీద ఆడినా అంతే.

బాబుకు ఎక్కాలు నోటికి వచ్చు కాబట్టి వాటిని వదిలెయ్యండి. ఒక్క పని మాత్రం చేయించండి. పదో ఎక్కం వరకూ నూరు గళ్ల పట్టిక గీయించి, అందులో నిజంగా వేరువేరు లెక్కలు ఎన్నో కనుక్కోమనండి. మూడేళ్లు ఇరవై ఒకటీ, ఏడు మూళ్లు ఇరవై ఒకటీ ఒకటే కదా. జంటలన్నీ రంగు వేసి కొట్టేస్తే మిగిలేవి 55. ఒకటి, రెండు, అయిదు, పది ఎక్కాలు ఎవరికైనా వస్తాయి కాబట్టి అవీ తీసేస్తే 21. ఈ 21 మాత్రం మీరు చెప్పకండి, వాడే వచ్చి మీకు చెప్పాలి.

మీరు అడగకపోయినా సైన్సు గురించి ఒకటి రాయాలనిపిస్తోంది. మా అబ్బాయికి తొమ్మిదేళ్లప్పుడు ఒక సాయంత్రం కరెంటు లేదు. వాడు తాళం చెవికి దారం కట్టి కుర్చీకి వేలాడదీసి ఊపుతున్నాడు. ‘తాళాల గుత్తి మొత్తం కడితే ఎలా ఊగుతుంది?’ అన్నాను. ‘బరువెక్కువ కదా, గబగబా ఊగుతుంది’ అన్నాడు, తడుముకోకుండా. సరే చూద్దామని గోడ గడియారం కింద కూర్చున్నాం. పదిసార్లు అటూ ఇటూ ఊగడానికి ఎన్ని సెకన్లో వాడు లెక్కపెట్టాలి, నేను గడియారం చూడాలి. ఒక్క తాళానికి ఎంత పట్టిందో గుత్తికీ అంతే పట్టింది. వాడు నావైపు అనుమానంగా చూసి, ‘నువ్వు సరిగ్గా చూడలేదు’ అని గడియారం చూసే పని తీసుకున్నాడు. మళ్లీ అంతే. మూడోసారీ అంతే. నాకు జవాబు నోటిదాకా వచ్చింది. ‘దారం మార్చి చూడరా’ అనబోయి పెదవి బిగపట్టుకున్నాను. వాడు కాసేపు దారాన్ని వేలికి చుట్టుకుంటూ కూర్చున్నాడు. చుట్టుకోవడంతో దారం పొట్టిదైంది, తాళం గబగబా ఊగింది. వాడు చటుక్కున తలెత్తిన తీరు నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టు ఉంటుంది.

మీరూ చేసి చూడండి. దారం పైకొస నుంచి బరువు మధ్యదాకా ఒక మీటరు ఉంటే, ఒకసారి వెళ్లి రావడానికి సుమారు 2 సెకన్లు. సగం టైములో రావాలంటే దారం సగం చేస్తే చాలనుకుంటారు పిల్లలు. చాలదు. పావు వంతు, 25 సెంటీమీటర్లు చెయ్యాలి. గెలీలియో ఏళ్ల తరబడి పరిశీలించింది ఈ లోలకాన్నే. 1656లో హైగెన్స్ అనే డచ్ శాస్త్రవేత్త గడియారం చేసింది దీంతోనే. ఈ మాటలు మాత్రం తాళాలు ఊగడం అయ్యాకే చెప్పండి. ముందే చెప్తే మీ అట్ట సూర్యుడిలా అయిపోతుంది అది కూడా.

స్టిక్కర్ల గురించి కాస్త గట్టిగానే చెప్తాను, ఏమనుకోకండి. 1973లో అమెరికాలో లెప్పర్, గ్రీన్, నిస్బెట్ అనే ముగ్గురు పరిశోధకులు, బొమ్మలు గీయడమంటే ఇష్టపడే మూడు నుంచి అయిదేళ్ల పిల్లల్ని తీసుకున్నారు. కొందరికి ‘బొమ్మ వేస్తే రిబ్బనున్న సర్టిఫికెట్ ఇస్తాం’ అని ముందే చెప్పి ఇచ్చారు. కొందరికి చెప్పకుండా చివర్లో ఇచ్చారు. కొందరికి అసలు ఇవ్వలేదు. ఒకటి రెండు వారాల తర్వాత తరగతిలో రంగు పెన్నులు మామూలుగా పెట్టి చూస్తే, ముందే మాట ఇచ్చిన పిల్లలు మిగతావాళ్లు గీసినంతలో సగం సేపే గీశారు. మిగతా రెండు గుంపుల పిల్లల ఇష్టం చెక్కుచెదరలేదు. పాప ఇప్పుడు స్టిక్కర్ కోసం రాస్తోంది. స్టిక్కర్లు అయిపోయిన రోజున రాయడం కూడా కూలి లేని పనిలా అనిపిస్తుంది. ఇచ్చేవి ఒక్కసారిగా లాగేసుకోకండి, నెమ్మదిగా మర్చిపోనివ్వండి. బదులుగా దాని పని మీద మీకు నిజంగా కనిపించింది చెప్పండి. ‘ఈ మ కొమ్ము ఎంత పొడుగ్గా వచ్చిందో!’ అంటే చాలు, ‘వెరీ గుడ్’ అక్కర్లేదు.

హోంవర్కు, పరీక్షలు ఉండనే ఉంటాయి, వాటిని కాదనలేం. అయితే ‘ఇవాళ స్కూల్లో ఏం చెప్పారు?’ అని అడిగితే ప్రపంచంలో ఏ పిల్లవాడైనా ‘ఏం లేదు’ అంటాడు. నేను మా పిల్లల దగ్గర తప్పు చెప్పేదాన్ని. ‘మొక్కలు వేళ్లతో ఎండను తాగుతాయంట కదా’ అంటే చాలు, ‘కాదమ్మా!’ అని మొదలుపెట్టి పాఠం మొత్తం చెప్పేవాళ్లు. పుస్తకం ముందు పెట్టుకుని నాలుగుసార్లు చదవడం కంటే, మూసేసి గుర్తు తెచ్చుకుని చెప్పడమే మనసులో నిలుస్తుంది. రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు పరిశోధకులు 2006లో కాలేజీ విద్యార్థుల చేత ఈ రెండూ చేయించి పోల్చి చూశారు. అయిదు నిమిషాల తర్వాత అడిగితే మళ్లీ చదివినవాళ్లే ముందున్నారు. వారం తర్వాత అడిగితే, చూడకుండా రాసి చూసుకున్నవాళ్లకు సగటున 56 శాతం గుర్తుంది, మళ్లీ చదివినవాళ్లకు 42 శాతమే. మీ బాబు చెల్లెలికి పాఠం చెప్పే పంతులుగా మారినా ఇదే జరుగుతుంది. చెల్లెలికి ఏమీ అర్థం కాకపోయినా ఫర్వాలేదు.

ఆ గంటసేపు కూర్చోబెట్టడం మానెయ్యండి. రాత పని పావుగంట, ఇరవై నిమిషాలు చాలు. మీకు కోపం వస్తున్నట్టు అనిపించిన క్షణాన పుస్తకం మూసేసి ‘ఇవాళ్టికి నేను అలిసిపోయాను’ అనండి. తప్పు వాళ్లమీద పెట్టకుండా నిజం చెప్పినట్టవుతుంది. చార్టులు ఉంటే ఉండనివ్వండి, మూడు వారాలకు గోడలో కలిసిపోతాయి. యాప్ పిల్లలు ఒంటరిగా ఆడుకునేది కాబట్టి మీరిద్దరూ బాగా అలిసిపోయిన రోజుకు ఉంచుకోండి, అంతకుమించి దాంతో పని లేదు.

ఒక్క విషయంలో మాత్రం ఆలస్యం చెయ్యొద్దు. పాపకు ఏడేళ్లు దాటినా అక్షరాలు నిలవకపోయినా, పుస్తకం ముక్కు దగ్గర పెట్టుకుని చూస్తున్నా, వెనకనుంచి పిలిస్తే పలక్కపోయినా ముందు కళ్లూ చెవులూ చూపించండి. అవి బాగున్నా చదవడం మరీ కష్టంగా ఉంటే డిస్‌లెక్సియా (తెలివికి లోటు లేకున్నా అక్షరాలు, మాటలు చదవడం పట్టుబడని ఇబ్బంది) ఏమోనని నిపుణులకు చూపించాలి. ఎన్ని ఆటలాడించినా దానికి వేరే పద్ధతిలో శిక్షణ కావాలి. బద్ధకమని తిట్టడం మాత్రం ఆ పిల్లలకు చేసే అన్యాయం. అయిదేళ్లకే ఆ భయం పెట్టుకోనక్కర్లేదు.

ట్యూషన్ సంగతి మీవారికి ఇలా చెప్పండి. వద్దని పోట్లాడొద్దు, ఒక్క నెల గడువు అడగండి. ఆ నెలలో ఆయనకూ ఒక పని ఉంది. వారానికి రెండు సాయంత్రాలు బాబు తయారుచేసిన లెక్కలు ఆయన చెయ్యాలి, తప్పు చేస్తే బాబు దిద్దాలి. ఆయనే కావాలని ఒకటి రెండు తప్పులు చేస్తే మరీ మంచిది. టేపు పట్టుకుని 24 మీటర్లు కొలవడానికి కూడా రెండో మనిషి కావాలి కదా.

రేపు సాయంత్రం పుస్తకాలు తియ్యకండి. బస్సులో ఎక్కేవాళ్లు, దిగేవాళ్ల లెక్క ఒకటి బాబుకి వెయ్యండి, పాప వీపు మీద ఒక ‘వ’ రాయండి. నెల తర్వాత బాబు సొంతంగా తయారుచేసిన లెక్క ఒకటి నాకు పంపించండి. పక్కన జవాబు రాయొద్దని చెప్పండి, నేను చేసి పంపిస్తాను, వాడే దిద్దాలి.